ఢిల్లీలో ఇంధనం మారింది, బస్సులు పెరగలేదు

2025 జులై 1న ఢిల్లీ పెట్రోల్ బంకుల్లో కొత్త నిబంధన అమల్లోకి వచ్చింది. పదేళ్లు దాటిన డీజిల్ బండికి, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండికి ఇంధనం పోయకూడదు. నంబరు ప్లేట్లు చదివే కెమెరాలు బిగించారు. బంకుల దగ్గర పోలీసులను నిలబెట్టారు. నగరంలో అలాంటి వాహనాలు 62 లక్షల దాకా ఉన్నాయని అధికారుల లెక్క. యజమానులు భగ్గుమన్నారు. మూడో రోజుకల్లా ఢిల్లీ ప్రభుత్వమే నిబంధనను నిలిపివేయాలంటూ వాయు నాణ్యత నిర్వహణ కమిషన్‌కు లేఖ రాసింది. వారం తిరిగేసరికి కమిషన్ దాన్ని నవంబరుకు వాయిదా వేసింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, బండి వయసొక్కటే కారణంగా చూపి యజమానులపై కఠిన చర్యలు తీసుకోవద్దని చెప్పింది.

ఇదే నగరంలో, ఇదే కోర్టు ఆదేశాలతో ఒకప్పుడు వేల బస్సులు, ఆటోలు, టాక్సీలు ఇంధనం మార్చుకున్నాయి. అప్పుడూ ఆగ్రహం ఉంది. 2001 ఏప్రిల్ మొదటి వారంలో బస్సులు సరిపడా లేక బడి పిల్లలు, ఉద్యోగులు రోడ్ల మీద చిక్కుకుపోయారు. గడువులు కొన్నిసార్లు జరిగాయి కానీ ఆదేశం మాత్రం వెనక్కి పోలేదు. బస్టాపులో నిలబడిన మనిషి కోపానికీ, కారు ఉన్న మనిషి కోపానికీ మన వ్యవస్థ ఇచ్చే విలువల్లో తేడా ఎంతో తెలియాలంటే ఈ రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఇప్పుడు దేశంలోని పెద్ద నగరాలన్నీ డీజిల్ వదిలి విద్యుత్ వైపు వెళ్తున్నాయి. ఆ జాబితాలో హైదరాబాద్ కూడా ఉంది. అందుకే ఢిల్లీ సీఎన్‌జీ అనుభవాన్ని మరోసారి తిరగేయాల్సిన అవసరం వచ్చింది. ఆ అనుభవాన్ని విజయగాథగా చెప్పేవాళ్లు ఉన్నారు, విఫల ప్రయోగంగా కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. నిజానికి అది సగం మాత్రమే అమలైన ఉత్తర్వు.

ఉత్తర్వులో ఏముంది?

న్యాయవాది ఎం.సి.మెహతా 1985లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంతో ఈ కథ మొదలైంది. పదమూడేళ్ల తర్వాత, భూరేలాల్ నేతృత్వంలోని కాలుష్య నియంత్రణ ప్రాధికార సంస్థ సిఫార్సుల ఆధారంగా 1998 జులై 28న సుప్రీంకోర్టు గడువులతో సహా ఒక జాబితా ఇచ్చింది. 1990కి ముందు తయారైన ఆటోలు, టాక్సీల స్థానంలో స్వచ్ఛ ఇంధనంతో నడిచే కొత్తవి రావాలి. ఎనిమిదేళ్లు దాటిన బస్సులు సీఎన్‌జీ లేదా ఇతర స్వచ్ఛ ఇంధనంతో తప్ప తిరగకూడదు. 2001 మార్చి 31 నాటికి సిటీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలి. అప్పటికి తొమ్మిదే ఉన్న గ్యాస్ బంకులు 80కి పెరగాలి.

జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నవి ఇవే. అయితే ఆ జాబితాలో వీటన్నిటికంటే ముందున్న అంశం వేరు. 2001 ఏప్రిల్ 1 నాటికి ఢిల్లీలో సిటీ బస్సుల సంఖ్యను 10 వేలకు పెంచాలన్నది అది. ఇంధనం మార్పు, బస్సుల పెంపు రెండూ కలిస్తేనే గాలి బాగుపడుతుందన్నది ఉత్తర్వు వెనకున్న ఆలోచన. బస్సు శుభ్రంగా ఉండటమే కాదు, కారు కొనాల్సిన అవసరం రానంత దండిగా కూడా ఉండాలి.

మొదటి సగం కోసం కోర్టు గట్టిగానే పట్టుబట్టింది. గడువు 2001 సెప్టెంబరు 30కి, తర్వాత 2002 జనవరి 31కి జరిగింది. గ్యాస్ చాలదు, బంకులు లేవు, బస్సులు దొరకడం లేదని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. ఏ ఇంధనం వాడాలో కోర్టు చెప్పకూడదు, ఎంత కాలుష్యం దాటకూడదో ప్రమాణం పెట్టి ఇంధనాన్ని యజమానికే వదిలేయాలని కేంద్రం నియమించిన మషేల్కర్ కమిటీ వాదించింది. అది తీసిపారేయదగ్గ వాదనేం కాదు. చాలా దేశాల్లో జరిగేది అదే.

కానీ ఆనాటి ఢిల్లీలో ఆ వాదనకు అడ్డుపడిన విషయం ఒకటుంది, కిరోసిన్. రేషన్ కిరోసిన్‌కీ డీజిల్‌కీ ధరలో భారీ తేడా ఉండటంతో కల్తీ ఒక పెద్ద వ్యాపారమైపోయింది. కాగితం మీద ఎంత మంచి డీజిల్ ప్రమాణం రాసుకున్నా, ట్యాంకులోకి వెళ్లేది ఏమిటో ఎవరూ పూచీ ఇవ్వలేని పరిస్థితి. సీఎన్‌జీలో కిరోసిన్ కలపడం కుదరదు. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ, దాని వ్యవస్థాపకుడు అనిల్ అగర్వాల్ సీఎన్‌జీ వైపు గట్టిగా నిలబడటానికి ఒక ప్రధాన కారణం ఇదే. తనిఖీ వ్యవస్థ మీద నమ్మకం లేని చోట, తనిఖీ అవసరమే లేని ఇంధనాన్ని ఎంచుకోవడం తెలివైన పనే.

2002 ఏప్రిల్ 5న కోర్టు తుది అస్త్రం తీసింది. రోడ్డెక్కిన ప్రతి డీజిల్ బస్సుకూ రోజుకు 500 రూపాయలు, నెల దాటితే రోజుకు వెయ్యి జరిమానా వేసింది. మే నుంచి నెలకు 800 డీజిల్ బస్సుల చొప్పున తప్పించాలని ఆదేశించింది. కేంద్రంపై 20 వేల రూపాయల ఖర్చులు కూడా మోపింది. ఆ ఏడాది డిసెంబరు 1 నాటికి సిటీ రూట్లలో చివరి డీజిల్ బస్సు కూడా తప్పుకుంది. అదే నెలలో ఢిల్లీ మెట్రో తొలి రైలు నడిచింది.

మారినవి ఎవరి బండ్లు?

ఆ తర్వాత కొన్నేళ్లు నల్ల పొగ తగ్గిన మాట నిజం. కార్బన్ మోనాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్ తగ్గాయి. సీసం లేని పెట్రోలు, సల్ఫర్ తగ్గించిన డీజిల్ కూడా అదే కాలంలో వచ్చాయి కాబట్టి ఆ ఘనతంతా సీఎన్‌జీ ఖాతాలో వేయలేం. టూ స్ట్రోక్ ఆటోలను గ్యాస్‌కు మార్చితే ఫలితం అంతంతమాత్రమే వచ్చిందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. కారణం సులభమే. ఆ ఇంజిన్లలో సగం కాలిన లూబ్రికెంట్ ఆయిలే పొగగా బయటకొస్తుంది. సిలిండర్‌లో ఉన్నది గ్యాసైనా పెట్రోలైనా ఆ ఆయిల్ మాత్రం అలాగే కాలుతుంది.

అసలు లోపం ఇంకోచోట ఉంది. ఇంధనం మార్చుకోవాలన్న నిర్బంధం బస్సులు, ఆటోలు, టాక్సీల మీదే పడింది. సొంత కార్లకు, స్కూటర్లకు అలాంటి ఆదేశం రాలేదు. 2001 ప్రాంతంలో ఢిల్లీలో రిజిస్టరైన వాహనాలు సుమారు 34 లక్షలు. 2018 నాటికి ఆ సంఖ్య కోటి దాటింది. ఆటోల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. 1997 చివర్లో సుప్రీంకోర్టు ఆటోల సంఖ్యపై పరిమితి పెట్టింది. 2011లో లక్షకు పెంచేదాకా అది దాదాపు 55 వేల దగ్గరే ఆగిపోయింది. కొత్త పర్మిట్లు లేనప్పుడు పాత పర్మిటే ఆస్తి అవుతుంది. బండి ధరను మించిన ధర పర్మిట్‌కు పలికింది. ఆ సొమ్ము ఫైనాన్షియర్ల చేతుల్లోకి పోయింది. నడిపేవాడు రోజువారీ అద్దె కట్టే కూలీగానే మిగిలాడు. నగరం గాలి కోసం ఇంజిన్ మార్చుకున్నదీ, కొత్త ఆటో రాకుండా ఆపించుకున్నదీ ఈ వర్గమే. కార్ల సంఖ్య మీద మాత్రం ఏ పరిమితీ లేదు.

గ్యాస్ ధర విషయంలోనూ అంతే. వేరే ఇంధనం వాడకూడదని చెప్పిన రాజ్యం, ఆ ఒక్క ఇంధనం ధరకు హామీ ఇవ్వలేదు. దేశీయ గ్యాస్ చాలక దిగుమతి ఎల్‌ఎన్‌జీ కలిపే కొద్దీ అంతర్జాతీయ మార్కెట్ ఒడుదొడుకులు ఆటోవాలా జేబుకు చేరాయి. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో కిలో సీఎన్‌జీ 70 రూపాయలు దాటినప్పుడు ఆటో, టాక్సీ డ్రైవర్లు కిలోకు 35 రూపాయల సబ్సిడీ అడుగుతూ సమ్మెకు దిగారు. పెట్రోలుకో డీజిల్‌కో మళ్లుదామంటే నిబంధన ఒప్పుకోదు.

ఢాకా అనుభవం ఇంకోలా సాగింది. 2003 మొదట్లో అక్కడ టూ స్ట్రోక్ బేబీ టాక్సీలను తొలగించి గ్యాస్ ఆటోలను తెచ్చారు. జనం ఆటోనే ‘సీఎన్‌జీ’ అని పిలవడం మొదలుపెట్టారు. గ్యాస్ చవగ్గా దొరకడంతో సొంత కార్లవాళ్లు కూడా పెద్దసంఖ్యలో గ్యాస్‌కు మారారు. పొగ తగ్గింది. కారు నడపడం చవకైంది కాబట్టి రోడ్ల మీద రద్దీ మాత్రం తగ్గలేదు. శుభ్రమైన ఇంధనాన్ని సొంత కారుకు చవగ్గా ఇస్తే ఏం జరుగుతుందో చూపించే ఉదాహరణ అది.

పది వేల బస్సులు ఏమయ్యాయి?

ఉత్తర్వులో రెండో సగం దగ్గరకు వద్దాం. రూట్లలో తిరిగే సిటీ బస్సులు ఢిల్లీలో ఇప్పటికీ పది వేలు కాలేదు. జనాభా పెరిగింది, నగరం నలువైపులా విస్తరించింది. మెట్రో చాలా భారం మోసింది కానీ ఇంటి నుంచి స్టేషన్‌కు చేర్చాల్సింది బస్సే. 2010 కామన్‌వెల్త్ క్రీడల సమయంలో కొన్న లోఫ్లోర్ సీఎన్‌జీ బస్సులు చాలాకాలం నగరాన్ని లాగాయి. వాటి కాలం తీరేనాటికి బదులు బస్సులు సిద్ధంగా లేవు. ఢిల్లీ రవాణా సంస్థపై 2025 మార్చిలో అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదిక ప్రకారం సంస్థ బస్సులు 2015-16లో 4,344 ఉండగా 2022-23 చివరికి 3,937కి తగ్గాయి. వాటిలో 1,770 కాలం చెల్లినవి. అంటే దాదాపు 45 శాతం.

కోర్టు జరిమానాలు వేసింది డీజిల్ బస్సు రోడ్డెక్కినందుకు. బస్సే రోడ్డెక్కనందుకు ఎవరికీ జరిమానా పడలేదు. ఇంధనం మారిందా లేదా అన్నది సైలెన్సర్ చూసి చెప్పొచ్చు, ఫొటో తీయొచ్చు. రాని బస్సు మాత్రం ఎవరి కెమెరాకూ చిక్కదు. బస్సు రాని మనిషి అప్పు చేసి స్కూటర్ కొంటాడు. ఆ స్కూటర్ గణాంకాల్లో ‘పెరిగిన కొనుగోలు శక్తి’గా నమోదవుతుంది.

హైదరాబాద్ ముందున్న లెక్క

కేంద్ర ప్రభుత్వ పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఐదు నగరాలకు 10,900 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. బెంగళూరుకు దాదాపు 4,500, ఢిల్లీకి 2,800, హైదరాబాద్‌కు 2,000, అహ్మదాబాద్‌కు 1,000, సూరత్‌కు 600. ఔటర్ రింగ్ రోడ్డు లోపల డీజిల్ బస్సులు లేకుండా చేస్తామని తెలంగాణ ప్రభుత్వం చెబుతోంది. 2019లో శంషాబాద్ విమానాశ్రయం రూట్లలో 40 ఎలక్ట్రిక్ బస్సులతో మొదలుపెట్టిన ఆర్టీసీకి ఇది చాలా పెద్ద అడుగు.

అయితే వచ్చే బస్సులు ఉన్నవాటి స్థానంలోకా, ఉన్నవాటికి అదనమా? నగరంలో ఆర్టీసీ బస్సులు మూడు వేలకు అటూ ఇటుగా ఉన్నాయి. 2019 సమ్మె తర్వాత సిటీ సర్వీసులు బాగా తగ్గాయి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక బస్సుల్లో అడుగుపెట్టే చోటు లేకుండా పోయింది. ఇలాంటి నగరంలో రెండు వేల ఎలక్ట్రిక్ బస్సులు వచ్చి రెండు వేల డీజిల్ బస్సులు తుక్కుకు పోతే గాలికి కొంత మేలే. ఫుట్‌బోర్డు మీద వేలాడే మనిషికి మాత్రం ఒరిగేదేమీ ఉండదు. అతను రేపో మాపో బైక్ కొంటాడు.

ఈ బస్సులు వచ్చే పద్ధతి కూడా పాత పద్ధతి కాదు. బస్సు ఆపరేటర్‌ది, డ్రైవర్ కూడా ఆపరేటర్ మనిషే. ఆర్టీసీ రూటు ఇస్తుంది, టికెట్ డబ్బు తీసుకుంటుంది, ఆపరేటర్‌కు కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తుంది. టికెట్ మీద వచ్చింది చాలకపోయినా ఆ చెల్లింపు ఆగకూడదు. రవాణా సంస్థలు బకాయి పడతాయేమోనన్న భయం ఆపరేటర్లలో ఎంతుందంటే, కేంద్రం 38 వేలకు పైగా బస్సుల చెల్లింపులకు భరోసాగా 3,435 కోట్ల రూపాయలతో 2024లో ప్రత్యేక పథకమే పెట్టాల్సి వచ్చింది. ఉచిత ప్రయాణానికి ప్రభుత్వం ఇవ్వాల్సిన రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఆ దెబ్బ నేరుగా ఈ ఒప్పందాల మీద పడుతుంది. అప్పుడు తిప్పే కిలోమీటర్లు తగ్గించడమే సంస్థకు కనిపించే తేలిక దారి.

మరోపక్క 2024 నవంబరులో వచ్చిన తెలంగాణ ఎలక్ట్రిక్ వాహన విధానం సొంత కార్లతో సహా విద్యుత్ వాహనాలకు 2026 చివరిదాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. ఎన్ని బండ్లకు అన్న పరిమితి లేదు. 2020 నాటి ఢిల్లీ విధానం కొనుగోలు ప్రోత్సాహకాన్ని మొదటి వెయ్యి కార్లకే ఇచ్చింది. ఖరీదైన ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లకు మిగిలే పన్ను లక్షల్లో ఉంటుంది. ఆ కారు పొగ వదలదు, నిజమే. రోడ్డు మీద ఆక్రమించే స్థలంలో, దాని వెనక ఇరుక్కుపోయే బస్సుకు జరిగే ఆలస్యంలో పెట్రోలు కారుకూ దానికీ తేడా ఏమీ లేదు.

కార్ల విషయంలో పన్ను మినహాయింపుకు ఆఖరి తేదీ జీవోలోనే ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు లోపల రోజుకు కనీసం ఎన్ని బస్సులు తిరగాలి, అందులో ఒక్కటి తగ్గినా ఎవరు జవాబు చెప్పాలి అన్నది కూడా అలాగే జీవోలో, తేదీతో సహా రావాలి. డీజిల్ బస్సులను డిపోల నుంచి పంపించేయడానికి ముందే రావాలి.