వ్రేలిముద్ర ఎవరి సొత్తు?

అరియాంకుప్పం చెంతనున్న అరికమేడులో రెండువేల ఏండ్ల క్రితమే గాజుపూసలు తయారయ్యేవి. గాజును గొట్టంగా సాగదీసే అదే తరహా పద్ధతి ఆంధ్రదేశంలోని పాపానాయుడుపేటలో 20వ శతాబ్దం వరకు నిలిచినది. ఆ విద్య పనివాని చేతిలోనే ఉండేది.

నేడు పనిలో చేరిన కార్మికునిచే ఆంగ్లంలోని గోప్యతా పత్రంపై సంతకం చేయిస్తున్నారు. ఆ పూటే హాజరు యంత్రంపై వ్రేలిముద్ర తీసుకొంటున్నారు. అతని నైపుణ్యం యాజమాన్యపు 'వ్యాపార రహస్యం'గా మారుతున్నది.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ప్రకటించారు. అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 7వ సెక్షను, ఉద్యోగ అవసరాలకు, వ్యాపార రహస్యాల, మేధోసంపత్తి రక్షణకు కార్మికుని సమాచారాన్ని అతని సమ్మతి లేకుండానే వాడుకొనవచ్చునన్నది. యజమాని రహస్యానికి కాపలా, కార్మికుని గోప్యతకు మినహాయింపు! ఇదెక్కడి న్యాయం?

సంస్థ యొక్క న్యాయమైన రహస్యాలను కాపాడుట మన బాధ్యతే. కాని చేతివిద్య కార్మికునిది. ఉద్యోగం మానిన పిదప అదే పని మరొకచోట చేయరాదన్న షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం సాధారణంగా చెల్లదు.

కనుక మిత్రులారా, ఏ సమాచారం, ఎందుకు, ఎంతకాలం ఉంచుకొందురో ప్రతి ఒప్పందంలోను వ్రాయించాలి. పని మానగానే వ్రేలిముద్రను చెరిపించాలి. మన భాషలో చదివి వినిపించనిదే ఏ కాగితంపైనా సంతకం చేయరాదు. చట్టం విడిచినదానిని సంఘమే సాధించాలి.