ఖాళీ బొమ్మే నేర్పింది

రెజ్యూమెలో మళ్లీ టు-డూ యాపేనా? ఈసారి వెబ్ గేమ్‌లకు థంబ్‌నెయిల్స్ వాటంతటవే తయారయ్యే ప్రాజెక్ట్ చేసి చూడండి.

పపెటీర్‌తో పేజీ తెరిచి స్క్రీన్‌షాట్ తీస్తే సరిపోతుందనుకున్నా. 'లోడింగ్' బొమ్మ వచ్చింది. నేరుగా కాన్వాస్ నుంచి తీస్తే అంతా ఖాళీ! వెబ్‌జీఎల్ మామూలుగా ఫ్రేమ్‌ను తెరపై చూపించాక దాచిపెట్టదు. గీసిన వెంటనే పట్టుకోవాలి. కొన్ని ఆటలు క్లిక్ చేస్తేగానీ మొదలవ్వవు. ఆ క్లిక్కూ కోడే చేయాలి. తర్వాత ఐదారు ఫ్రేమ్‌లు తీసి, రంగుల తేడా ఎక్కువున్నది ఎంచుకోవాలి.

ఇంటర్వ్యూలో 'ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా బయటపడ్డారు?' అని అడిగితే, కాపీ కొట్టిన ప్రాజెక్ట్‌తో ఏం చెప్తారు? ఇరుక్కున్నవాళ్ల దగ్గరే జవాబు ఉంటుంది. అందుకే తేలిగ్గా అయిపోయే ప్రాజెక్ట్ వద్దు, తిప్పలు పెట్టేదే ఎంచుకోండి.