సంపాదకుని మాట: పెట్టె మీది అంకెను నమ్మొచ్చా?

బల్ల మీద పీసీ, పక్కనే ప్లేస్టేషన్ 5, రెండింటికీ ఒకటే మానిటర్. ఇరుకు గదుల్లో ఇది మామూలు ఏర్పాటే. చిక్కల్లా ఆ ఒక్కదాన్ని ఎంచుకోవడంలోనే.

పీసీకి దారులెక్కువ. గ్రాఫిక్స్ కార్డుకు సత్తా ఉంటే డిస్‌ప్లేపోర్ట్ ద్వారా 1440పి చిత్రాన్ని 240 హెర్ట్జ్‌లోనూ పంపగలదు. ప్లేస్టేషన్ 5కు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కు ఆ పోర్టే లేదు. ఉన్నది హెచ్‌డీఎంఐ, ఆట 120 హెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. కన్సోల్ కోసమే అయితే 240కి డబ్బు పోయడం దండగ.

అసలు తిరకాసు హెచ్‌డీఎంఐ 2.1 అనే ముద్రలో ఉంది. 4కె చిత్రం పూర్తి రంగులతో 120 హెర్ట్జ్‌లో రావడానికి పాత 2.0 పోర్టు మోసే సెకనుకు 18 గిగాబిట్లు చాలవు, 2.1లో అది 48 దాకా వెళ్లగలదు. వెళ్లగలదు, అంతే! 2.1 తెచ్చిన కొత్త సౌకర్యాలన్నీ ఐచ్ఛికమేనని 2021లో హెచ్‌డీఎంఐ లైసెన్సింగ్ సంస్థే తేల్చింది. పాత వేగంతోనే నడిచే పోర్టుకూ 2.1 అని పేరు పెట్టుకోవచ్చన్నమాట. కొనేవాడికి ఇంతకంటే అయోమయం ఏముంటుంది?

1440పి మీద కన్సోల్ ఆటగాళ్లకున్న అభ్యంతరం 2022 సెప్టెంబరులో తీరింది. ప్లేస్టేషన్ 5కు ఆ సదుపాయం అప్పుడే వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో దానికి వచ్చిన వీఆర్‌ఆర్‌కు (ఆట వేగానికి తగ్గట్టు మానిటర్ హెర్ట్జ్‌ను మార్చే సౌకర్యం) మాత్రం మానిటర్‌లో హెచ్‌డీఎంఐ వీఆర్‌ఆర్ ఉండాలి. అదే పని చేసే ఫ్రీసింక్ ఒక్కటే ఉంటే ఎక్స్‌బాక్స్‌కు సరిపోతుంది, ప్లేస్టేషన్‌కు పనికిరాదు.

మధ్యస్థ బడ్జెట్‌కు 27 అంగుళాల 1440పి మానిటరే మా ఓటు. 4కె కావాలనుకునే పాఠకులు డబ్బు కట్టే ముందు సాంకేతిక వివరాల్లో హెచ్‌డీఎంఐ ఎదురుగా 4కె, 120 హెర్ట్జ్ అని విడిగా రాసి ఉందేమో చూసుకోండి.