టిల్లరును ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు...

పోయిన వారం చింతకాయ తొక్కు దగ్గర ఆపాను గదా. ఈ వారం పోపుల పెట్టె మూసేసి, మిమ్మల్ని వాకిలి పక్కనున్న కొట్టంలోకి రమ్మంటున్నాను. కొట్టంలో ఏముంటాయి, గేదె, దూడ, నాలుగు కోళ్ళు అంటారా? ఒకప్పుడు అంతే. ఇప్పుడు మా పెద్దమండ్యం చుట్టుపక్కల ఏ పల్లెకు పోయినా, ఎద్దుల్ని కట్టే చోట ఒక ఇనుప బండి నిలబడి వుంటోంది. ఎక్కువమందికి పవర్ టిల్లరు. కొందరికి చిన్న ట్రాక్టరు. మామిడితోట వున్నవాళ్ళకు భుజాన తగిలించుకుని గడ్డి కోసే మిషను.

"అది మగవాళ్ళ సంగతి, మనకెందుకమ్మా" అంటారేమో. నేనూ అట్లే అనుకున్నాను. అనుకుని తలుపు దగ్గర నిలబడి చూస్తూ వుండిపోయాను. అందుకే ఇప్పుడు ఇంత రాస్తున్నాను.

2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో వంద రూపాయలు దాటింది, గుర్తుందా? పేపర్లన్నీ అదే రాశాయి. పట్నంలో వున్న మీరు ఆ నెల టమోటా లేకుండా చారు పెట్టుకుని మమ్మల్ని తిట్టుకునే వుంటారు. మాకు మాత్రం ఎన్నో ఏండ్లు రోడ్డు పక్కన పారబోసిన పంటకు ఆ ఒక్కసారి లెక్క సరిపోయింది. ఆ డబ్బుతో నాకు గాజులు చేయిస్తానన్నారు మా ఆయన. ఎద్దుల్ని అమ్మి అప్పటికి రెండేండ్లు. మడక కట్టాలంటే బాడుగ ట్రాక్టరు కోసం వారం రోజులు ఎదురుచూడడం, పదును పోయాక అది రావడం! గాజులు తర్వాత చూద్దాం, టిల్లరు తెండి అన్నాను.

ఇక్కడ ఒక మాట. భూమి మీ పేరున కొంచెమైనా వుంటే, పట్టాదారు పాసుపుస్తకం పట్టుకుని దరఖాస్తు మీ పేరుతోనే పెట్టించండి. 2014-15లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వ్యవసాయ యాంత్రీకరణ పథకం నిబంధనల్లో మహిళా రైతులకూ, చిన్న సన్నకారు రైతులకూ చాలా యంత్రాల మీద సగం దాకా రాయితీ వుంది. మిగతావాళ్ళకు నూటికి నలభై. ఇంత మించి ఇవ్వమని యంత్రానికో పరిమితి కూడా వుంటుంది. ఏ ఏడు ఏ యంత్రానికి ఇస్తున్నారో మీ వూరి రైతు సేవా కేంద్రంలో అడిగి, ఆ తర్వాతే కొట్టుకు పోండి. ముందు కొనేసి తర్వాత అడిగితే ఏం లాభం?

సరే, బండి కొన్నారు. టిల్లరంటే రోడ్డు మీద నడుపుకుంటూ తెచ్చేదని నా ఉద్దేశం. అంత దూరం దాన్ని నడిపితే చేతులు తిమ్మిరెక్కిపోతాయి. పైగా మదనపల్లె నుంచి ములకలచెరువు వైపు వచ్చేది 42వ నెంబరు జాతీయ రహదారి. అటు ఉరవకొండ నుంచి ఇటు కుప్పం మీదుగా కృష్ణగిరి దాకా లారీలు ఆగకుండా పోతుంటాయి. అందుకని చిన్న ఏనుగు అంటారే, ఆ టాటా ఏస్ ఆటో బాడుగకు మాట్లాడారు. కొట్టు ముందు ఆటో ఎత్తుకు సరిగ్గా అరుగు కట్టివుందట. బండి దానంతటదే నడిచి ఆటో ఎక్కింది. ఎంత సులభమో అనుకున్నారంతా.

మా వాకిట్లో అరుగు ఎక్కడిది? పొద్దు వాలుతుండగా ఆటో వచ్చి నిలబడింది. సన్నగా తుంపర పడుతోంది. మా మరిది మిద్దె పనికి తెచ్చిన సెంట్రింగు చెక్కలు రెండు లాక్కొచ్చి ఆటో తలుపుకు ఆనించాడు. కట్టలేదు, ఊరికే ఆనించాడు. మా అత్త హారతి పళ్ళెంతో నిలబడింది. నేను నిమ్మకాయలు చేత పట్టుకుని వున్నాను. మరిది ఇంజను వేసి, పిడి పట్టుకుని, బండిని ముందుకే దించడం మొదలుపెట్టాడు. సగం దిగింది. కుడిచక్రం చెక్క అంచుకు వస్తోందని ఎవరో అరిచారు. ఎడమకు తిప్పాలని ఎడమ పిడి కింద వుండే క్లచ్చి నొక్కాడు. బండి ఎడమకు తిరగలేదు, విసురుగా కుడికి తిరిగింది! చెక్క జారింది, బండి పక్కకు పడింది. మరిది దూకాడు గాని పిడి వచ్చి మోకాలి కింద తగిలింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఇప్పటికీ కట్టెలు విరుస్తుంటే అదే గుర్తొస్తుంది.

రెండున్నర నెలలు పట్టీ. టమోటా డబ్బులో మిగిలింది ఆసుపత్రికి పోయింది. "ఆ బండి అచ్చి రాలేదు, అమ్మేయండి" అని అత్త పట్టుబట్టింది. నా తోడికోడలు నాతో మాటలు మానేసింది. తెమ్మన్నది నేనే గదా! తప్పు నాదేనేమోనని నాకూ రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు.

బండి ఎందుకు ఎదురు తిరిగిందో పక్క పల్లె మెకానిక్కు వచ్చి చెప్పినప్పుడు గాని మాకు తెలియలేదు. అమ్మినవాళ్ళు చెప్పలేదు, మేమూ అడగలేదు. బండితో ఇచ్చిన పుస్తకంలో రాసే వుంది, కానీ దాన్ని దేవుడి గూట్లో పెట్టాం.

విషయం ఇది. టిల్లరుకు కారులాగా స్టీరింగు వుండదు. చదును నేల మీద ఎడమ క్లచ్చి నొక్కితే ఎడమ చక్రానికి ఇంజను బలం ఆగిపోతుంది, కుడి చక్రం తోస్తుంది, బండి ఎడమకు తిరుగుతుంది. పల్లానికి దిగేటప్పుడు కథ వేరు. అప్పుడు ఇంజను చక్రాల్ని తోయదు, పట్టి ఆపుతూ వుంటుంది. ఎడమది నొక్కామంటే ఎడమ చక్రానికి ఆ పట్టు పోయి జర్రున ముందుకు జారుతుంది. కుడిది ఆగే వుంటుంది. బండి కుడికి తిరిగిపోతుంది. ఇంకా అర్థం కాలేదా? చెరో చేత్తో ఒక పిల్లవాణ్ణి పట్టుకుని తిరుమల మెట్లు దిగుతున్నారనుకోండి. ఎడమచేతి పిల్లవాణ్ణి వదిలారు. వాడు కిందికి పరిగెత్తుతాడు. కుడిచేతి పిల్లవాడు మీ పట్టులోనే ఆగి వుంటాడు.

అందుకని చెక్కల మీద వున్నంతసేపూ ఆ పక్క క్లచ్చిల జోలికే పోకూడదు. బండి నేలమీద వున్నప్పుడే చెక్కలకు నేరుగా నిలబెట్టుకోవాలి. వంకరపోతోందనిపిస్తే తిరిగి వెనక్కి వచ్చి మళ్ళీ నేరుగా పెట్టుకోవడమే. నడిమధ్యలో పెద్ద క్లచ్చి వదిలేసినా, గేరు తీసేసినా మూడు నాలుగు క్వింటాళ్ళ బండి కిందికి దొర్లుతుంది. మూడు నాలుగు క్వింటాళ్ళంటే పదిహేను క్రేట్ల టమోటా ఒక్కసారిగా మీద పడ్డట్టు. ఎక్కించేటప్పుడు ముందుకు, దించేటప్పుడు వెనక్కి, రెండుసార్లూ అన్నిటికన్నా తక్కువ గేరులో, మన్ను తిరగేసే కత్తుల తిరుగుడు ఆపేసి. నడిపేవాడి వెనక గోడగాని, మనిషిగాని వుండకూడదు. పక్కన నిలబడి చేత్తో పట్టి ఆపుదామని చూడకూడదు. మా వాళ్ళు ఆరోజు చేసిందీ అదే. ఇంకా ఇద్దరి కాళ్ళు విరగకపోవడం మా అదృష్టం.

చెక్కల మాట కూడా చెప్పాలి. ఆటో అడుగు నేలకు రెండున్నర అడుగుల ఎత్తున వుంటుంది. దానికి నాలుగింతలు, అంటే పదడుగుల పొడవైనా చెక్క వుంటేనే వాలు మెల్లగా వస్తుంది. మా సెంట్రింగు చెక్కలు ఆరడుగులు. ఇప్పుడు మంచి చేవగల చెక్కలు కోయించి, పై కొసకు ఇనుప కొక్కీలు వేయించాం. ఆటో తలుపుకు తగిలించి గొలుసుతో కడితే జారవు. నడిపే మనిషి కాలు పెట్టుకోను మధ్యన ఇంకో చెక్క. వాన తడి వుంటే ఆ పూట దించడమే లేదు. ముహూర్తం మించిపోతే పోనీండి.

అన్నిటికన్నా మంచిది గట్టు. ఏ పల్లెలోనైనా ఆటో అడుగుకు సమంగా వుండే గట్టో, చెరువు కట్ట పక్కన మట్టిదిబ్బో వెతికితే దొరుకుతుంది. ఆటోను వెనక్కి పోనిచ్చి గట్టుకు ఆనించి, చక్రాలకు రాళ్ళు పెట్టి దించుకోవచ్చు. మా వాకిటికి రెండు ఫర్లాంగుల్లోనే అట్లాంటి గట్టుంది. ఆరోజు ఎవరికీ తోచలేదు.

మరిది మంచంలో వుండగా మా చెల్లెలి కూతురు అమెరికా నుంచి ఫోను చేసింది. టెక్సాస్‌లో వాళ్ళకు ఎకరా స్థలంలో ఇల్లు. "పెద్దమ్మా, మా ఇంట్లో కూడా ఒక బండి వుంది, గడ్డి కోసేది" అని చూపించింది. పిల్లలాడుకునే కారు మాదిరి ఎర్రగా, ముద్దుగా వుంది. మధ్యన సీటు, కూర్చుని స్టీరింగు పట్టుకుని నడిపేది, కింద కత్తులు. ఇంటి ముందు గడ్డి ఎక్కువ పెరిగితే అక్కడ నోటీసు వస్తుందట! మనకేమో గేదెకు వేయను గడ్డి లేక ఏడుపు. ఇల్లు మారినప్పుడు వాళ్ళూ దాన్ని వెనక కట్టే ట్రాలీ మీద తీసుకుపోయారట. కట్టే పద్ధతి ఆ పిల్ల చెప్పిందే, మన టిల్లరుకూ సరిపోయింది.

కట్టడమంటే పైనుంచి ఒక మోకు అడ్డంగా వేసి బిగించడం కాదు. నాలుగు మూలలకు నాలుగు కట్లు. ముందువి ముందుకు లాగాలి, వెనకవి వెనక్కి లాగాలి. కట్టేది ఇనుప చట్రానికి. పిడికిగాని, రేకు మూతకుగాని కట్టకూడదు, వంగిపోతాయి. గేరులో వుంచి ఇంజను ఆపాలి, బ్రేకు వుంటే వేయాలి, చక్రాలకు ముందూ వెనకా కట్టె అడ్డుపెట్టాలి. కొబ్బరి మోకు దారిలో సాగుతుంది. లారీలవాళ్ళు వాడే బిగింపు బెల్టులు నాలుగు కొనుక్కుంటే ఏండ్ల తరబడి వస్తాయి. రెండు మైళ్ళు పోయాక ఒకసారి ఆపి, కట్లు చేత్తో లాగి చూసుకోవాలి. ఇంధనం పైపు దగ్గరి చిన్న పిడి కట్టేసి, ట్యాంకు మూత బిగించాలి. కత్తులకు గోనె సంచులు చుట్టాలి. ఇంకోటి, బండి పట్టుకోను పిల్లల్ని వెనక ఎక్కించవద్దు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టరీత్యా కూడా తప్పే. బండి కదిలిందంటే వాళ్ళు దాన్ని పట్టుకునేదేమీ వుండదు, అదే వాళ్ళను నలిపేస్తుంది. టిల్లరు వెనక తొట్టి తగిలించి పెండ్లికీ, తిరునాళ్ళకూ ఇంటిల్లిపాదీ బయల్దేరేవాళ్ళకు కూడా ఇదే చెబుతున్నాను. చీకటి పడ్డాక వెనక లైటు లేని ఆ తొట్టి లారీవాడికి కనపడదు. ఎర్రగా మెరిసే పట్టీలు దొరుకుతాయి, వెనక రెండు అతికించండి.

ఇంటికి చేరాక మనకు మరీ దగ్గరి సంగతి ఒకటుంది. గడ్డి కోసే మిషనుకు పెట్రోలు కావాలి. మా అబ్బోడు దాన్ని నీళ్ళ సీసాలో తెచ్చి వంటింటి గడప పక్కన పెట్టాడు. గ్యాసు పొయ్యి మూడు గజాల దూరం! మంట తగలక్కర్లేదు, పెట్రోలు ఆవిరి నేల వెంబడి పాకి వచ్చి అంటుకుంటుంది. మా చిన్న మనవరాలు నీళ్ళనుకుని ఆ సీసా ఎత్తింది. మూత గట్టిగా వుండబట్టి బతికాం. పొరపాటున పిల్లలు పెట్రోలు, కిరసనాయిలు తాగితే ఉప్పునీళ్ళు పోసి కక్కించకండి. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పెట్రోలుకని వచ్చే గట్టి డబ్బా ఒకటి కొని, కొట్టంలో పిల్లల చెయ్యి అందనంత ఎత్తున పెట్టించాను. మిషను వేడిగా వుండగా పెట్రోలు పోయవద్దని మా అబ్బోడికి రోజూ చెబుతూనే వున్నాను. విసుక్కుంటాడు, విసుక్కోనీ.

కత్తులకు చుట్టుకున్న తీగలు తీసే పని చాలా ఇండ్లలో ఆడవాళ్ళదే. ఇంజను పూర్తిగా ఆగి, కత్తులు నిలబడ్డాకే చెయ్యి పెట్టండి. కొంగు బొడ్లో దోపుకోండి, జడ ముడి వేసుకోండి. "ఒక్క నిమిషమే గదా, ఇంజను ఆపితే మళ్ళీ హాండిలు తిప్పాల" అని మగవాళ్ళు తొందరపెడతారు. తిప్పుకోనీండి.

ప్రధానమంత్రి సురక్షా బీమా అని బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు పట్టుకునేది వుంది. 2022 జూన్‌కు ముందు 12 వుండేది. పద్దెనిమిది నుంచి డెబ్బై ఏండ్ల వాళ్ళకు, ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తిగా అవిటితనం వచ్చినా 2 లక్షలు. కాలు విరిగి అతుక్కున్నందుకు ఏమీ రాదు, మా మరిదికి రాలేదు. అయినా మా ఇంట్లో ఇప్పుడు అందరికీ వుంది, అత్తకు తప్ప. ఆమెకు వయసు దాటింది.

బండి అమ్మలేదండీ. పట్టీ తీసిన నెలకు మరిదే కుంటుకుంటూ కొట్టంలోకి పోయి దాని మీద దుమ్ము తుడిచాడు. మొన్న కలిచెర్ల వైపు మా ఆడబిడ్డ వాళ్ళ చెనిక్కాయ చేను దున్నను బండి పంపాల్సి వచ్చింది. చెక్కలకు గొలుసు నేనే తగిలించాను. మరిది పిడి పట్టుకుని, "వదినా, నువ్వు పక్కకు పో" అన్నాడు. పోయాను, పదడుగుల దూరానికి. తోడికోడలు వచ్చి నా పక్కనే నిలబడింది. బండి నేరుగా ఎక్కింది. ఆమె "మధ్యాహ్నం సంకటికి ఏం చేస్తావు అక్కా" అని అడిగింది.