కమిటీ వచ్చేలోపే పలకరించండి

పల్నాడు జిల్లా కలెక్టర్ గారికి,



రైతు ప్రాణం తీసుకుంటే ఊరికి ముగ్గురు అధికారుల కమిటీ వస్తుంది: ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ. 2004 నాటి జీవో 421 పెట్టిన పద్ధతి అది. పాస్‌పుస్తకం, కౌలు కార్డు, అప్పు కాగితాలు చూస్తారు. అన్నీ సరిపోతే ఇంటివాళ్లకు 7 లక్షల పరిహారం.   ఈ ఉత్తరం మాత్రం కమిటీ రాకముందు రోజుల గురించి.

1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. 2021-22లో నల్ల తామరపురుగు మిర్చి పూత రాల్చేసింది. 2025లో పంట చేతికొచ్చినా ధర లేదు. మిర్చికి కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర నిర్ణయించాల్సొచ్చింది, బర్లీ పొగాకు కొనడానికి మార్క్‌ఫెడ్ దిగాల్సి వచ్చింది. అప్పుడల్లా అధికారులు ఎకరాలు రాసుకున్నారు, బస్తాలు లెక్కపెట్టారు. పండించినవాడు ఎలా ఉన్నాడో ఏ కాగితంలోనూ గడి లేదు.

మనిషి కుంగిపోతున్నాడని ముందు తెలిసేది తోటి రైతులమైన మాకే. రోజూ టీ కొట్టు దగ్గర కూర్చునేవాడు రావడం మానేస్తాడు. వాన పడుతున్నా కల్లంలో కాయల మీద పట్టా కప్పడు. పురుగుమందుల షాపు తప్పించుకుని చుట్టుదారిన పోతాడు. మేం చూస్తూనే ఉంటాం. అప్పు సంగతి అడిగితే పరువు తీసినట్టవుతుందని ఊరుకుంటాం. అడిగితే మనల్నే చేబదులు అడుగుతాడేమోనన్న భయమూ ఉంది, దాచడమెందుకు!

చావు ఆలోచన వస్తోందా అని నోరు తెరిచి అడిగితే లేనిది గుర్తుచేసినట్టవుతుందని ఇంకో భయం. అలా ఏం కాదని, సూటిగా అడిగితే మనిషి తేలికపడతాడని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

అందుకే అడుగుతున్నా. ఈ-పంట నమోదుకు వచ్చే వ్యవసాయ సహాయకులకు, పురుగుమందుల షాపుల వాళ్లకు, ఊరికి ఇద్దరు ముగ్గురు రైతులకు ఈ పలకరింపు నేర్పించండి. "బావా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా? షాపులో ఖాతా ఎంతయింది?" గట్టు మీద కూర్చుని ఇంతమాత్రం అడగగలిగితే చాలు. అవసరమైతే పక్కనే ఉండి మానసిక ఆరోగ్య సాయం లైను టెలిమానస్ 14416కు ఫోన్ కలిపివ్వాలి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే కొన్నాళ్లు వేరేవాళ్లు దాచాలి. మందు చేతికి దూరమైతే ప్రాణాలు నిలుస్తాయి: శ్రీలంకలో మరీ విషమైన పురుగుమందుల్ని ఆపేశాక, 1995 తర్వాత ఇరవై ఏళ్లలో ఆత్మహత్యలు దాదాపు 70 శాతం తగ్గాయి.

అప్పు గురించి మాట్లాడటానికి తోడు కూడా వెళ్లాలి. ఒక్కడే వెళ్తే షాపాయన ఒక మాట అంటాడు, పక్కన నలుగురుంటే ఇంకో మాట అంటాడు.

శిక్షణ పెట్టేట్టయితే కోతలు ముమ్మరం కాకముందే పెట్టండి. అదీ సాయంత్రం ఆరు దాటాక. పగలు ఎవరూ రారు.

ఇట్లు,
ఒక మిర్చి రైతు,
చిలకలూరిపేట