కాచినా పోని కాలుష్యం

"మా బోరు నీళ్ళు కాచి, చల్లార్చి తాగుతున్నాం. ఇంకేం భయం?" అని చాలామంది అంటుంటారు. క్రిముల విషయంలో ఆ మాట నిజమే. నీటి దోషాలకు మరిగించడం మంచి ఉపాయమని ఇబ్న్ సీనా కూడా చెప్పాడు. అయితే మరిగించినా పోని దోషం ఒకటి ఉంది. అది నైట్రేట్. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని గాఢత పెరుగుతుంది. ఆ నీటితో కాచిన జోషాందాకూ ఇదే వర్తిస్తుంది.

ఇది ఎక్కడి నుంచి వస్తుంది? ఎరువులు, పశువుల పేడతో పాటు మన ఇంటి సెప్టిక్ ట్యాంకు కూడా ఒక కారణం. ట్యాంకులో మడ్డి అడుగున దిగుతుంది గాని, మూత్రంలోని నత్రజని నీటితో కలిసి ఇంకుడు గుంతలోకి పోతుంది. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మట్టి దాన్ని పట్టి ఉంచలేదు. రాతి పగుళ్ళ వెంట అది నీటితోపాటే బోరులోకి చేరుతుంది. రంగు, వాసన ఉండవు కాబట్టి మనకు తెలియదు.

తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన కోలారు జిల్లా ముళబాగిలులో మరుగుదొడ్ల గుంతల ప్రభావంపై బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. అక్కడి భూగర్భజలంలో నైట్రేట్ పరిమితిని మించి ఉన్నట్టు అందులో తేలింది. మన దేశంలో తాగునీటికి పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదిక ప్రకారం దేశం మొత్తంమీద దాదాపు 20 శాతం నమూనాలు ఈ పరిమితి దాటాయి. కర్ణాటకలోనైతే దాదాపు సగం దాటాయి.

అందరికంటే ఎక్కువ ముప్పు ఆరు నెలల లోపు పసిబిడ్డలకు. పోతపాలలో ఇలాంటి నీళ్ళు కలిపితే నైట్రేట్ కడుపులో నైట్రైట్‌గా మారి, రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. పెదవులు, గోళ్ళు నీలిరంగుకు తిరుగుతాయి. 1945లోనే అమెరికాలో హంటర్ కామ్లీ అనే వైద్యుడు బావినీటికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టాడు. బిడ్డ నీలిరంగుకు తిరిగితే ఏ హకీమునూ వెతకకండి, నన్ను కూడా. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

యునానీలో ఆరోగ్యానికి ఆరు మూలాధారాలు చెబుతారు. వాటినే అస్‌బాబ్-ఎ-సిత్తా జరూరియా అంటారు. రెండవది ఆహార పానీయాలు. ఆరవది మలినాలు ఒంట్లో నిలవడం, బయటికి పోవడం. మలినం ఒంటిని వదిలితే ఆరవదాని పని పూర్తయిందని మనం అనుకుంటున్నాం. అది పెరట్లో ఇంకి, బోరు దారిన తిరిగి మన గ్లాసులోకే వస్తే ఏం లాభం? నా అభిప్రాయం ఒక్కటే. మరుగుదొడ్డి తప్పనిసరి, కానీ మురుగు ఎక్కడికి పోతుందో చూసుకోకపోతే పని సగమే అయినట్టు.

కాబట్టి మీరు చేయవలసినవి ఇవి:

బోరు నీటిని క్రిములకే కాక నైట్రేట్‌కు కూడా పరీక్ష చేయించండి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చేయిస్తే మేలు.

ఇంకుడు గుంతకూ బావికీ కనీసం 18 మీటర్ల దూరం ఉంచండి. అయితే నైట్రేట్ అంతకన్నా దూరం కూడా పోగలదు. దూరం ఉంది కదా అని పరీక్ష మానవద్దు.

క్లోరిన్, క్యాండిల్ ఫిల్టరు, అల్ట్రావయొలెట్ యంత్రం దీన్ని తొలగించవు. ఆర్.ఓ. యంత్రం చాలావరకు తగ్గిస్తుంది.

ఆరు నెలల దాకా బిడ్డకు తల్లిపాలే ఇవ్వండి. పోతపాలు తప్పనిసరైతే పరీక్షించిన నీళ్ళే వాడండి.

ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న వీధిలో ఒక్క ఇల్లు జాగ్రత్తపడితే చాలదు. భూగర్భ మురుగు కాలువ, శుద్ధి కేంద్రం కావాలని పురపాలక సంఘాన్ని వీధి వీధంతా కలిసి అడగండి. పొరుగింటి గుంత కూడా మీ బోరులోకే ఊరుతుంది.