పొగ పెడితే దోమ పోదు

గుడ్లవల్లేరులో పొద్దుగూకాక వీధి అరుగు మీద పది నిమిషాలు కూర్చుని చూడండి. కాళ్లు గోక్కోవడంతోనే సరిపోతుంది. ‘చుట్టూ కాలువలు, వరిచేలు... దోమలుండవా మరి’ అనుకుంటూ లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంటాం.

ఆ మాట సగమే నిజం. వరిమడుల్లో పెరిగే దోమలు ఉన్నాయి. అవి ఎక్కువగా పశువులను, పందులను కుడతాయి. మెదడువాపును మోసేవీ వాటిలోనే ఉన్నాయి కాబట్టి తేలిగ్గా తీసుకోలేం. అయితే చీకటిపడే వేళ ఇళ్ల దగ్గర మూగేవి ఎక్కువగా మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమలు. బోదకాలును మోసేది ఈ రకమే. కదలని సైడు కాలువ, పెరట్లో నీళ్లు నిలిచే గుంట, అన్నిటికంటే ముఖ్యంగా సెప్టిక్ ట్యాంకు వీటి పుట్టిళ్లు. ట్యాంకు గాలిగొట్టం నోరు తెరుచుకుని ఉంటే దోమలు వస్తూనే ఉంటాయి. ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ కోసం గుడివాడ, విజయవాడ తిరుగుతాం. ఆ గొట్టానికి నైలాన్ వల బిగించమని మేస్త్రీకి మాత్రం చెప్పం. ఇప్పుడైనా చెప్పండి. ట్యాంకు మూత పగుళ్లకు సిమెంటు కూడా పూయించండి.

పగలు కుట్టే తెల్లచారల ఏడిస్ సంగతి వేరు. డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది ఇదే. డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల కింది పళ్లేలు దీనికి చాలు. మహా అయితే కొన్ని వందల మీటర్లు ఎగురుతుంది. అంటే మీ పిల్లాడిని కుట్టింది మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పుట్టిందే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. ‘ఫ్రైడే - డ్రైడే’ అనేది అందుకే. అయితే నీళ్లు పారబోస్తే చాలదు. అంచుకు అంటుకున్న గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. బ్రష్షుతో రుద్ది కడగాలి.

ఇక వేపాకు పొగ, పిడకల పొగ, కాయిల్. దోమ కాసేపు పక్కకు వెళ్తుంది, ఆ పొగ పీల్చేది ఆయాసంతో ఉన్న తాతయ్య, ఉయ్యాల్లో పసిబిడ్డ. అరుగు మీదికి ఓ టేబుల్ ఫ్యాను తెచ్చి కాళ్ల వైపు తిప్పండి. ఎదురుగాలికి దోమ సరిగా ఎగరలేదు. మన ఊపిరి, చెమట వాసన చెదిరిపోయి మన జాడా దానికి దొరకదు. డీట్ ఉన్న క్రీములూ పనిచేస్తాయి. రెండు నెలల లోపు పిల్లలకు వద్దు. పెద్ద పిల్లలకైనా అరచేతులకు రాయకండి, నోట్లో పెట్టుకుంటారు.

పక్కింటి గాలిగొట్టానికీ వల లేకపోతే, కొనేటప్పుడే ఇంకో ముక్క ఎక్కువ తెచ్చి వాళ్లకు ఇవ్వండి.